జనవరిలో రోమ్: కొలోసియం అండర్‌గ్రౌండ్ టికెట్ ప్రశ్నకు సమాధానం

సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో వెళ్తున్నామని, కొలోసియం (పురాతన రోమన్ల పోటీల మైదానం) నేల కింది భాగం చూపించే అండర్‌గ్రౌండ్ టూర్ ఇప్పుడే బుక్ అవడం లేదని అడిగారు కదా. కంగారేం లేదండీ, అధికారిక సైట్‌లో టికెట్లు 30 రోజుల ముందే తెరుస్తారు. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి, గేటు దగ్గర పోల్చి చూస్తారు.

చలికాలంలో కొలోసియం సాయంత్రం 4:30కే మూసేస్తారు, 3:30 తర్వాత లోపలికి పంపరు. అందుకని ఉదయం స్లాటే మేలు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గానీ, పెద్దవాళ్లతో ఆ క్యూ దండగ. రోమ్‌లోనే ఉన్న బోర్గెసే గ్యాలరీ అనే కళా మ్యూజియానికి సోమవారం సెలవు, మిగతా రోజుల్లో 2 గంటల స్లాటుకు ముందే బుక్ చేయాలి. వాన పడితే రోమ్‌లోని నల్లరాళ్ల వీధులు జారతాయి. చెప్పులు వద్దు, గ్రిప్ ఉన్న బూట్లే వేయించండి.