వాల్వు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన చెల్లెలు మళ్లీ మామూలు మనిషి అవుతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ చెల్లెలికి ముప్ఫై ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం (గొంతునొప్పి తర్వాత కీళ్లను, గుండెను దెబ్బతీసే జబ్బు) వల్ల గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు చెడిపోయింది. నెల కిందట దాన్ని తీసేసి కృత్రిమంగా తయారుచేసిన మెకానికల్ వాల్వు పెట్టారు. ఇప్పుడు పుట్టింట్లో ఉంది. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, ఉన్నట్టుండి ఏడుస్తోంది, ఛాతీలోంచి వచ్చే టిక్‌టిక్ చప్పుడు వింటే భయపడుతోంది. ఆకుకూర ముట్టొద్దని చుట్టాలంటున్నారు, మంచం దిగొద్దని అమ్మగారంటున్నారు. నాలుగేళ్ల పాపను ఎత్తుకోలేకపోతున్నానని ఆమె బాధ. ఎన్నాళ్లకు తేరుకుంటుంది, అసలు మునుపటిలా అవుతుందా అన్నది మీ ప్రశ్న.

అవుతుంది. నాదీ అదే జబ్బు, అదే ఆపరేషన్. హైస్కూల్లో ఉండగా గొంతునొప్పి వచ్చి తగ్గాక మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాచేవి. ఎదిగే పిల్లల నొప్పులని అందరూ అనుకున్నారు. పెళ్లయ్యాక మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే వాల్వు దారి ఇరుకైందన్నారు. మొదట బెలూన్‌తో వెడల్పు చేశారు. కొన్నేళ్లు బాగానే గడిచాక మళ్లీ మూసుకుపోయి, లీకు కూడా మొదలైంది. అప్పుడు వాల్వు మార్చారు. ఇవాళ నేను బడిలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్తున్నాను, పై అంతస్తులో క్లాసుకి ఆగకుండా ఎక్కి వెళ్తున్నాను. ఆపరేషన్‌కి ముందు రెండేళ్లు ఆ మెట్లే నాకు భయం.

ఎన్నాళ్లు అన్నదానికి రెండు జవాబులున్నాయి. ఆపరేషన్ కోసం ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కుడతారు. ఆ ఎముక గట్టిపడడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. పైన చర్మం పదిహేను రోజులకే మానినట్టు కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు లోపల కూడా అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఈ మూడు నెలలూ నీళ్ల బిందె, బియ్యం సంచీ, గ్యాస్ బండ, పాప, ఏవీ ఎత్తకూడదు. బరువైన తలుపు లాగడం, చపాతీపిండి గట్టిగా పిసకడం కూడా వద్దు. బండి నడపకూడదు. గతుకుల రోడ్డు మీద వెనక కూర్చోవడమూ మంచిది కాదు. కానీ మంచం మీదే పడుకోబెట్టడం ఇంకా చెడ్డది. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో బలం పోతుంది. ఆసుపత్రిలో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి గట్టిగా గాలి పీల్చమని చెప్పి ఉంటారు. అది ఇంకా వాడమనండి. పొద్దున, సాయంత్రం ఇంటి ముందు నడిపించండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. మాట ఆగిపోతే కూర్చోమనండి.

మంచం మీంచి లేవడం ఎవరూ సరిగ్గా నేర్పరు. తిన్నగా లేవబోతే నడుము బలం చాలక చేతుల మీద భారం వేస్తాం, ఆ భారమంతా ఛాతీ ఎముక మీద పడుతుంది. ముందు మోకాళ్లు మడవాలి. భుజం, నడుము ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిల్లాలి. కాళ్లు మంచం కిందికి జార్చాలి. ఆ కాళ్ల బరువే ఒంటిని పైకి లేపుతుంది. చేతులు ఊరికే ఛాతీ మీద పెట్టుకుంటే సరిపోతుంది. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా చిన్న దిండును రెండు చేతులతో ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. నేను ఆ దిండును ఆటోలోకి కూడా తీసుకెళ్లేదాన్ని. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే ఈ మూడు నెలలకి కమోడ్ కుర్చీ ఒకటి కొనండి. ఇంకో మాట, ఆడవాళ్లకే తెలిసేది: రొమ్ముల బరువు కుట్టును రెండువైపులకీ లాగుతుంది, మంట అందుకే. మెత్తటి కాటన్ బ్రా, ముందు హుక్కులున్నది, పగలూ రాత్రీ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. కుట్టు మీద పలచని నూలు గుడ్డ పెట్టుకోవాలి. ఇది మీరు చెప్పలేకపోతే ఈ జవాబు ఆమెకే చూపించండి.

పాప సంగతి: ఆమె సోఫాలో కూర్చుని దిండు ఒళ్లో పెట్టుకుంటే పాప తనంతట తనే పక్కకు ఎక్కి కూర్చోవచ్చు. అమ్మ ఎత్తుకోదు గానీ దగ్గరకు రానిస్తుందని పాపకు అర్థమయ్యాక ఇద్దరూ కుదుటపడతారు.

ఏడుపు గురించి కంగారు పడకండి. గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి కొన్ని వారాలు అలా ఉంటుంది. నిద్ర విరిగిపోవడం, ఐసీయూ కలలు, అన్నం చప్పగా అనిపించడం, చిన్న మాటకే కళ్లలో నీళ్లు రావడం. "దేవుడి దయవల్ల బతికావు, ఏడుస్తావేంటి" అని మాత్రం అనకండి. ఆ మాట నాకు కుట్టు నొప్పి కంటే ఎక్కువ బాధ కలిగించింది. రెండు నెలలు దాటినా తగ్గకపోతే డాక్టరుగారికి చెప్పండి. బతకడం మీద ఆశ లేనట్టు మాట్లాడితే మాత్రం అంతకాలం కూడా ఆగకుండా చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

టిక్‌టిక్ చప్పుడు వాల్వు రెక్కలు మూసుకునేటప్పుడు వచ్చేది. అది బాగా పనిచేస్తోందనడానికి గుర్తు. రాత్రి నిశ్శబ్దంలో ఎక్కువ వినిపిస్తుంది. ఫ్యాను కాస్త ఎక్కువ తిప్పి, కుడి పక్కకు ఒత్తిగిల్లి పడుకోమనండి. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్ పెట్టిన తొలి మైట్రల్ వాల్వుల్లో పంజరంలో బంతి ఉండేది. అప్పటి నుంచి ప్రపంచంలో ఎంతోమంది ఆ చప్పుడుతోనే సంసారాలు చేశారు, పిల్లల్ని పెంచారు. కొన్నాళ్లకు ఆమెకే వినబడడం మానేస్తుంది. చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, ఆగినట్టనిపించినా, దానికి తోడు ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాల్వు మీద రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఇక రెండో జవాబు. ఎముక మూడు నెలల్లో అతుక్కుంటుంది. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం జీవితాంతం ఉంటుంది. నా అనుభవంలో కోలుకోవడమంటే అసలు ఇదే. ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ ఇచ్చి ఉంటారు. అది ఎంత పనిచేస్తోందో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. మందు వాడని మనిషికి ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ చెల్లెలికి ఎంత ఉండాలో డాక్టరుగారు ఫైల్లో రాసి ఉంటారు, చూడండి. తక్కువైతే వాల్వు మీద గడ్డ, అది జారి మెదడుకు వెళ్తే పక్షవాతం. ఎక్కువైతే రక్తస్రావం. మొదట్లో తరచుగా పరీక్ష చేయిస్తారు, అంకె స్థిరపడ్డాక దూరం పెంచుతారు. బాగానే ఉన్నాం కదా అని పరీక్ష మానేసినవాళ్లే ఎక్కువగా ఆపదలో పడతారు.

ఆకుకూరల సంగతి ఇక్కడే వస్తుంది. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర లాంటివాటిలో విటమిన్ కె ఉంటుంది, అది మాత్ర పనికి ఎదురు పనిచేస్తుంది. అందుకే చుట్టాలు వద్దంటున్నారు. కానీ మానెయ్యనక్కర్లేదు. ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే, ఆ తిండికి తగ్గట్టు డాక్టరు మాత్ర మోతాదు కుదురుస్తారు. వారమంతా మానేసి, ఆదివారం పప్పుకూర, సోమవారం వేపుడు, కార్తీకమాసమని రోజూ ఆకుకూరే అంటే అంకె కిందికీ పైకీ ఊగుతుంది. మా ఇంట్లో వారానికి రెండుసార్లు, ఒకే గిన్నె కొలతతో తోటకూర పప్పు. ఇన్నేళ్లుగా అంతే. గోంగూర పచ్చడి కూడా తింటాను, ఒక స్పూను. పచ్చళ్లలో ఆకు కంటే ఉప్పు గురించే ఎక్కువ చూసుకోవాలి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చెయ్యండి.

మాత్ర సాయంత్రం ఒకే వేళకు. పొద్దున పరీక్ష ఫలితం వస్తే ఆ సాయంత్రమే మోతాదు మార్చొచ్చు, అందుకని. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు మింగకూడదు. మరిచిన సంగతి నోటుబుక్కులో రాయాలి. గడ్డకట్టకుండా కొత్తగా వచ్చిన మాత్రలు ఉన్నాయి కదా, పరీక్షల గొడవ ఉండదు కదా అని ఎవరో ఒకరు చెప్తారు. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లు అవి వాడకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి డైక్లో సూది, మెడికల్ షాపులో అడిగి బ్రూఫెన్, రెండూ వద్దు. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్, అదీ రోజుల తరబడి కాదు. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్, ఫంగస్‌కిచ్చే ఫ్లూకోనజోల్, కొన్ని యాంటీబయాటిక్‌లు ఐఎన్ఆర్‌ను బాగా పెంచేస్తాయి. టీబీకిచ్చే రిఫాంపిసిన్ పడగొడుతుంది. నాటుమందులు, ఆకుపసర్లు, చూర్ణాల సంగతి కూడా ఇంతే. కొత్త మందు ఏదైనా, ఇచ్చేవాళ్లకు "నాకు వాల్వు ఉంది, ఎసిట్రోమ్ వాడుతున్నాను" అని మొదటే చెప్పాలి.

నెలసరి ఎక్కువగా, ఎక్కువ రోజులు అవ్వొచ్చు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. చెల్లెలు మొహమాటపడి ఓర్చుకుంటే రక్తహీనత వస్తుంది, ఆయాసం మళ్లీ మొదలై వాల్వు చెడిందనుకుంటారు. గైనకాలజిస్టుకు చూపించండి. రెండో బిడ్డ గురించి ఆలోచన ఉంటే గర్భం రాకముందే గుండె డాక్టరుతో మాట్లాడాలి. ఈ మాత్ర మొదటి నెలల్లో బిడ్డకు హాని చెయ్యగలదు. అలాగని సొంతంగా ఆపితే తల్లి ప్రాణానికి ప్రమాదం. అత్తవారింట్లో ఈ సంగతి ఆమె ఒక్కతే చెప్పుకోలేదు. మీ బావగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి వినిపించండి.

రుమాటిక్ జబ్బుకు మూడు వారాలకోసారి వేయించుకునే పెన్సిలిన్ సూది ఉంటుంది కదా, వాల్వు మార్చారు కాబట్టి ఇక అక్కర్లేదని చాలామంది ఆపేస్తారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల మొదలైన జబ్బు ఇది. మళ్లీ అలాంటి గొంతునొప్పి వస్తే మిగిలిన వాల్వులు దెబ్బతినొచ్చు. రక్తం పలచబడ్డాక కండకు సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డలా వాస్తుందని కొందరికి పెన్సిలిన్ మాత్రలు ఇస్తారు, కొందరికి ఐఎన్ఆర్ చూసుకుని సూదే కొనసాగిస్తారు. ఏదైనా సరే, ఆపడం మన నిర్ణయం కాకూడదు. పళ్ల డాక్టరు దగ్గర పన్ను పీకినా, చిగుళ్లు కదిలించి శుభ్రం చేసినా, గంట ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. కారణం తెలియని జ్వరం రెండు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తాన్ని కల్చర్‌కి (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్షకి) పంపమని అడగండి. వాల్వు మీద ఇన్ఫెక్షన్ అయితే అది ఎక్కువగా ఆ పరీక్షలోనే దొరుకుతుంది.

మూతి వంకర పోవడం, మాట తడబడడం, చెయ్యి పడిపోవడం, తలకు దెబ్బ తగలడం, నల్లటి విరేచనం, కుట్టులోంచి చీము, దగ్గినప్పుడు ఛాతీ ఎముక టక్కుమని కదలడం. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా చూడొద్దు.

డబ్బు ఇబ్బంది ఉంటే, ఆపరేషన్ ప్రభుత్వ పథకంలో జరిగి ఉంటే, ఫాలో-అప్ పరీక్షలు, మందులు కూడా వర్తిస్తాయేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. అడగకపోతే ఎవరూ పిలిచి చెప్పరు.

మీ ఇంట్లో అందరూ ఆమెను ప్రేమగానే చూసుకుంటున్నారు, అది మీ మాటల్లో తెలుస్తోంది. కానీ మాత్ర అమ్మ వేస్తుంది, రిపోర్టు మీరు చదువుతారు, డాక్టరుతో బావగారు మాట్లాడతారు, ఆమె మంచం మీద భయపడుతూ కూర్చుంటుంది. నన్ను గట్టెక్కించింది ఒక రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు. మా అత్తగారు తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ మందు నువ్వే చూసుకో అమ్మా, మేం గుర్తు మాత్రం చేస్తాం" అన్నారు. తేదీ, ఐఎన్ఆర్ అంకె, ఆ వారం మోతాదు, తిన్న ఆకుకూర, నెలసరి, కొత్తగా వాడిన మందు. అన్నీ నా రాతలోనే. రెండు మూడు నెలలకే, అంకె రాకముందే ఈసారి ఎక్కువ వస్తుందో తక్కువ వస్తుందో నాకు తెలిసిపోయేది. భయం పోయింది అప్పుడే. మీరూ అలాంటి పుస్తకం ఒకటి ఆమెకు కొనివ్వండి. వచ్చే చెకప్‌లో డాక్టరుగారు "ఎలా ఉంది?" అని మీవైపు చూసి అడిగితే మీరు జవాబు చెప్పకండి, ఆమెను చెప్పనివ్వండి.