టెక్ సందేహాలు: ఇంటర్‌కూలర్ మార్చాను, పవర్ ఎక్కడ?

ఫోన్ వేడెక్కుతోంది, ల్యాప్‌టాప్ నెమ్మదించింది అనే ఉత్తరాల మధ్య ఈసారి కారు బానెట్ కింద పుట్టిన ప్రశ్నలు చాలా వచ్చాయి. టెక్ శీర్షికలో కారు గొడవ ఏమిటని అనుకోకండి. టర్బో కారులో బూస్ట్ ఎంత ఉండాలో, పెట్రోలు ఎంత చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో తేల్చేది ఈసీయూ అనే కంప్యూటరే. వచ్చిన ప్రశ్నల్లో సగం ఆ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే. కొత్తవాళ్లకు ఒక్క ముక్క: టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం, ఆ అదనపు ఒత్తిడే బూస్ట్, నొక్కడంతో వేడెక్కిన గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది ఇంటర్‌కూలర్.

సర్, నాది 2 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. కంపెనీ ఇంటర్‌కూలర్ తీసేసి దాదాపు రెట్టింపు సైజుది వేయించాను. ఫిల్టర్ డబ్బా బదులు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (బయటి చల్లగాలి పీల్చే పైపు) కూడా పెట్టించాను. చప్పుడు బాగా మారింది గానీ పికప్‌లో తేడా తెలియట్లేదు. మోసపోయానా?

మోసమేమీ లేదు. మీరు కొన్నది చల్లదనం. పవర్ కోసం ఈసీయూను విడిగా అడగాలి.

సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుసు, నొక్కిన గాలి వేడెక్కుతుంది. టర్బో చేసేదీ అదే, ఇంకా గట్టిగా. బయట 25 డిగ్రీలు ఉండి, టర్బో 1 బార్ బూస్ట్ ఇస్తోందనుకోండి. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అయితే గాలి దాదాపు 118 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్ దాన్ని 50 డిగ్రీలకు దించిందంటే, అదే ఒత్తిడి దగ్గర సిలిండర్‌లో సుమారు 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. అంతకన్నా పెద్ద లాభం నాకింగ్ తగ్గడం. గాలి వేడిగా ఉంటే, స్పార్క్ రగిల్చిన మంట చేరకముందే సిలిండర్‌లో ఓ మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. నాక్ సెన్సర్ ఆ చప్పుడు వినగానే ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, పవర్ పడిపోతుంది.

ఈ తలనొప్పి టర్బో కార్లతో పాటే పుట్టింది. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో ఇంటర్‌కూలర్ లేదు. నాకింగ్ ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా ఓ ట్యాంకులో పెట్టి ఇంజిన్‌లోకి చిమ్మేవారు. అది అయిపోతే బూస్ట్ తగ్గిపోయేది. యజమానులేమో దాన్ని నింపడం మరిచిపోయేవారు!

ఇక మీ పికప్ సంగతి. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ తొక్కితే మీరు నేరుగా త్రాటిల్ (గాలి లోపలికి పోయే తలుపు) తెరవడం లేదు, ఫలానా టార్క్ (తిప్పే బలం) కావాలని ఈసీయూకి అర్జీ పెడుతున్నారు. అది తన పట్టికలు చూసుకుని, టర్బోను తిప్పే పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్‌ను అటూ ఇటూ కదిపి, ఆ టార్క్ రాగానే ఆగిపోతుంది. మీరు చల్లటి గాలి ఇస్తే అదే టార్క్‌ను తక్కువ శ్రమతో అందుకుంటుంది, అంతే. అయితే పాత ఇంటర్‌కూలర్‌తో ఎండలో వరసగా మూడోసారి, నాలుగోసారి గట్టిగా తొక్కినప్పుడు కారు నీరసపడేది కదా, ఇప్పుడు ఆ నీరసం తగ్గి ఉంటుంది. పొడుగాటి ఎత్తు ఎక్కేటప్పుడు గమనించండి. ఒక్కసారి తొక్కి వదిలేస్తే కంపెనీ ఇంటర్‌కూలరే సరిపోతుంది, ఆ కాస్త వేడిని దాని లోహమే మింగేస్తుంది.

పవరే కావాలంటే, మీరు వేసిన భాగాలకు తగ్గట్టు ఈసీయూ పట్టికలను ట్యూన్ చేయించాలి. లాగ్ (నడిపినప్పటి రీడింగుల రికార్డు) అడగకుండా, రీడింగులు చూడకుండా ఫైల్ పంపేవాళ్ల జోలికి పోవద్దు. మామూలుగా ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకైతే ఈ ఖర్చంతా అనవసరమని నా అభిప్రాయం. చప్పుడు నచ్చి పెట్టించుకుంటే మాత్రం నేనేమీ అనను.

కొత్త ఇన్‌టేక్ పైపు వేసిన రెండు రోజులకే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే పీ0171 అని వచ్చింది. అమ్మినతను "రీసెట్ కొట్టండి, అదే సర్దుకుంటుంది" అంటున్నాడు. నిజమేనా?

రీసెట్ కొడితే లైటు ఆరుతుంది. కారణం అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు లైటు మళ్లీ వెలుగుతుంది.

పీ0171 అంటే ఒకటో బ్యాంకులో (సిలిండర్ల వరసలో) గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. మీ కారులో, ఎంత గాలి వస్తోందో కొలిచే మాఫ్ సెన్సర్ ఉందేమో చూడండి, ఫిల్టర్ దాటగానే పైపుకు తగిలించి ఉంటుంది. అందులో వేడిచేసిన సన్నటి తీగ ఉంటుంది. గాలి తగిలి అది చల్లబడుతుంటే, వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందన్నదే లెక్క. ఇందులో ఒక చిక్కుంది. తీగకు తగిలేది మొత్తం గాలిలో కొంచెమే. మిగతాది ఈసీయూ లెక్కగట్టుకుంటుంది, అదీ పైపు సైజు కంపెనీ ఇచ్చిందేనన్న నమ్మకంతో. మీరు 70 మిల్లీమీటర్ల పైపు తీసి 76 మిల్లీమీటర్లది పెట్టారనుకోండి. చూపుకు తేడా తెలియదు గానీ వైశాల్యం 18 శాతం పెరిగింది. అంతే గాలి నెమ్మదిగా వెళ్తుంది, తీగ తక్కువ చల్లబడుతుంది, ఈసీయూ గాలి తగ్గిందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ పొరపాటు పట్టుకుని "ఇంకా పెట్రోలు పోయాలి" అంటుంది. ఆ సర్దుబాటే ఫ్యూయల్ ట్రిమ్. అది 5 శాతం లోపుంటే దిగులు లేదు, పది దాకా ఓర్చుకోవచ్చు. ఇరవై, పాతిక దగ్గరికి వెళ్లిందంటే లైటు వెలుగుతుంది.

పైపును తిట్టేముందు ఇంకొకటి చూడండి. స్కానర్‌లో ట్రిమ్‌ను ముందు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా), తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర చూడండి. ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచగానే తగ్గిందంటే ఎక్కడో గొట్టం ఊడి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. బిగించేటప్పుడు తీసిన సన్నటి వాక్యూమ్ గొట్టం తిరిగి పెట్టడం మరిచిపోయి ఉండొచ్చు. ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకే శాతం చూపిస్తుంటే అప్పుడు పైపు సైజును అనుమానించాలి. కొత్త ఫిల్టర్ నూనె పూసే రకమైతే, ఆ నూనె తీగకు అంటుకున్నా ఇలాగే తప్పు చూపిస్తుంది. మాఫ్ కోసమే అమ్మే స్ప్రేతో కడిగి ఆరనివ్వండి, తీగను మాత్రం ముట్టుకోవద్దు. పాత పైపులో సెన్సర్ ముందు తేనెపట్టులాంటి జాలీ ఉందా? గాలి సుడులు తిరగకుండా తిన్నగా పోవడానికి పెట్టినది అది. కొత్త పైపులో లేకపోతే రీడింగ్ ఊగుతుంది.

ఇవేవీ తేలేదాకా పూర్తిగా తొక్కి నడపకండి. మెల్లగా నడిపేటప్పుడు ట్రిమ్ కాపాడుతుంది. బూస్ట్‌లో పెట్రోలు చాలకపోతే పిస్టన్ కరిగేదాకా పోవచ్చు.

మాఫ్ లేకుండా, గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే కార్లకు ఈ పైపు సైజు బాధ లేదు.

కారు కంప్యూటర్‌లోని రీడింగులను ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొన్నాను. ఫోన్ యాప్‌లో గాలి వేడి ఇంటర్‌కూలర్ మార్చకముందూ, మార్చాకా ఒకేలా ఉంది. పైగా ఎంత తొక్కినా ఒత్తిడి 255 దగ్గర ఆగిపోతోంది. అడాప్టర్ నకిలీదా?

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. అడాప్టర్ నకిలీదే అయినా, ఈ రెండింటిలో దాని తప్పు లేదు.

ముందు 255 సంగతి. ఓబీడీ ప్రమాణంలో మ్యాప్ రీడింగ్‌కు ఇచ్చింది ఒక్క బైట్. ఒక బైట్‌లో పట్టేవి 0 నుంచి 255 దాకా అంకెలే. ఇక్కడ ఒక్కో అంకె ఒక కిలోపాస్కల్. అది కూడా వాతావరణ పీడనం కలుపుకుని, అంటే ఇంజిన్ ఆపి ఉన్నా సముద్రమట్టం దగ్గర దాదాపు 100 చూపిస్తుంది. 255లోంచి ఆ వంద తీసేస్తే మిగిలేది 155, అంటే 1.55 బార్ బూస్ట్. మీ టర్బో అంతకు మించి ఇచ్చినా ఆ గడిలో కనబడదు. మీ కంపెనీ కార్ల కోసం విడిగా రీడింగులు చదివే యాప్ వాడాలి, లేదా అసలైన బూస్ట్ మీటర్ పెట్టించుకోవాలి.

ఇక వేడి. చాలా కార్లలో గాలి వేడి కొలిచే సెన్సర్లు రెండుంటాయి. ఒకటి మాఫ్‌లో, ఫిల్టర్ పక్కన. రెండోది ఇంటర్‌కూలర్ దాటాక, మ్యాప్ సెన్సర్‌తో కలిసి. మీ యాప్ చూపించేది మొదటిది అయ్యుంటుంది. అక్కడి గాలి ఇంకా టర్బోలోకే వెళ్లలేదు, ఇంటర్‌కూలర్‌తో దానికేం పని? యాప్‌లో చార్జ్ ఎయిర్ టెంపరేచర్ అని ఉందేమో వెతకండి.

సరైన సెన్సర్ దొరికాక కూడా నేటి అంకెను, నెలక్రితం అంకెను పక్కపక్కన పెట్టొద్దు. బయటి వేడి తీసేసి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడండి. అదే రోడ్డు, అదే గేరు, వరసగా నాలుగుసార్లు. మొదటిసారి బయటికన్నా 15 డిగ్రీలు, నాలుగోసారి 40 డిగ్రీలు పెరిగితే ఇంటర్‌కూలర్ చేతులెత్తేస్తోందని లెక్క. నాలుగోసారి కూడా 18, 20 దగ్గరే ఉంటే డబ్బులు దండగ కాలేదు. చవక అడాప్టర్‌తో ఒకేసారి పదిహేను రీడింగులు అడగొద్దు, సెకనుకు ఒక్కటి కూడా రాదు. గాలి వేడి, ఒత్తిడి, ఇగ్నిషన్ టైమింగ్, ఆర్‌పీఎం, ఈ నాలుగూ చాలు. రోడ్డు ఖాళీగా ఉండాలి, వేగపరిమితి దాటకూడదు, ఫోన్ పక్క సీటులో ఉన్నవాళ్ల చేతిలో ఉండాలి.

అన్నట్టు, పని అయ్యాక అడాప్టర్ పీకేయండి. వీటిలో చాలావాటికి బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000. వైఫైకి అలాంటి పాస్‌వర్డ్ పెట్టుకుంటారా మీరు?

ఇంట్లోనే సొంతంగా బిగించుకోవాలనుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పని కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. సగం రోజు బంపర్ తీయడానికీ పెట్టడానికే పోతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి, బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉంటాయి. ఏసీ కండెన్సర్ అడ్డమొస్తే గొట్టాలు విప్పకుండా మెల్లగా పక్కకు జరపండి. వాటిలో గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది.

పాత పైపుల్లో పల్చటి నూనె పొర కనబడితే టెన్షన్ పడొద్దు. ఇంజిన్ అడుగునుండే క్రాంక్‌కేస్ ఆవిరితో వచ్చేది కొంత ఎప్పుడూ ఉంటుంది, గరిటెడు నూనె పారితే అది వేరే సంగతి. అయితే పైపు చివర్లను మాత్రం ఆల్కహాల్‌తో బాగా తుడవాలి. నూనె జిడ్డు మీద సిలికాన్ కప్లర్ (పైపులను కలిపే గొట్టం) ఎంత బిగించినా, బూస్ట్ రాగానే జారిపోతుంది. పైపు చివర ఉబ్బెత్తు గట్టు ఉండాలి, క్లాంపు (బిగించే పట్టీ) ఆ గట్టు దాటి వెనక కూర్చోవాలి. స్క్రూడ్రైవర్‌తో తిప్పే గాట్ల క్లాంపు సిలికాన్‌ను కోసేస్తుంది, నట్టు ఉండే టీ-బోల్ట్ రకం మేలు.

విప్పిన వెంటనే టర్బో మూతికి ఏదైనా అడ్డం పెట్టాలి. నేనొకసారి నల్లటి గుడ్డ కుక్కి, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చి పైపు బిగించేశాను. తాళం తిప్పబోతూ గుడ్డ ఎక్కడుందని వెతికితే గుండె ఆగినంత పనైంది. ఆ చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. అప్పటినుంచి ఎర్రగుడ్డే వాడుతున్నా, దాని కొస బయటికి వేలాడేలా పెట్టి.

బంపర్ పెట్టేముందే లీకు చూసుకోండి. ఇన్‌టేక్ మూతికి బిరడా పెట్టి, మీ మామూలు బూస్ట్ దాటకుండా మెల్లగా గాలి ఎక్కించి, కీళ్ల దగ్గర సబ్బునీళ్లు పూస్తే బుడగలొస్తాయి. ఆ సమయంలో ఇంజిన్ ఆయిల్ పోసే మూత వదులు చేయండి, లేకపోతే ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది. ఇంటర్‌కూలర్ చుట్టూ ఖాళీలుంటే ఫోమ్‌తో మూయండి. గాలికి సులువైన దారి దొరికితే రెక్కల మధ్యలోంచి పోదు. మొదటి వారం రేడియేటర్ వేడి మీద కూడా ఓ కన్నేసి ఉంచండి, దాని గాలికి మీరిప్పుడు అడ్డం పెట్టారు.

కంపెనీ వారంటీ, కాలుష్య నిబంధనలు విప్పకముందే కనుక్కోండి.

పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే టర్బో ల్యాగ్ (తొక్కాక బూస్ట్ రావడానికి పట్టే ఆలస్యం) పెరుగుతుందంటారు. ఎంత?

లెక్క వేద్దాం. 2 లీటర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ లేకుండానే సెకనుకు సుమారు 50 లీటర్ల గాలి మింగుతుంది, 1 బార్ బూస్ట్‌లో దానికి రెట్టింపు. కొత్తది 5 లీటర్లు ఎక్కువ పట్టిందనుకున్నా, దాన్ని నింపడానికి పట్టేది సెకనులో పదో వంతు లోపే. దానికన్నా కోర్ (ఇంటర్‌కూలర్‌లో గాలి పోయే రెక్కల భాగం) లోపల గాలికి అడ్డు ఎక్కువై ఒత్తిడి పడిపోవడం అసలు బాధ. పేరు లేని చవక కోర్‌లతో ఇదే చిక్కు.

కాలు తీసినప్పుడు మిగిలిన బూస్ట్‌ను వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్‌తో గాలి బయటికి వదిలితే నష్టమా?

మాఫ్ ఉన్న కారులో నష్టమే. లెక్కపెట్టిన గాలిని బయటికి వదిలితే, లేని గాలికి ఈసీయూ పెట్రోలు పోస్తుంది. గేరు మార్చినప్పుడల్లా కారు దగ్గుతుంది. గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే రకం ఉంచుకోండి.

ఇంటర్‌కూలర్‌కి నల్లరంగు వేయొచ్చా? పోలీసుల కంట పడకూడదని కాదు, అందానికి!

నమ్ముతున్నాను. వేడి పోయేది ప్రధానంగా తగిలే గాలి వల్ల, రంగు వల్ల కాదు. పల్చగా ఒక్క పూత వేయండి. రెక్కల మధ్య ఖాళీలు పెయింట్‌తో పూడకుండా, దూరం నుంచి స్ప్రే చేస్తే చాలు.