మావయ్య కట్టిన ఫీజు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఎం.ఏ. ఆంత్రోపాలజీ పరీక్షలు అయిపోయి ఏడాదైంది. సవర గిరిజనుల ఇళ్ల గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మల మీద థీసిస్. ఇంకా రెండు చాప్టర్లు రాయాలి. గైడ్ పట్టించుకోరు. ఈలోగా విశాఖలో ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) సీటు వచ్చింది. థీసిస్ వదిలేసి చేరిపోనా? రెండూ ఒకేసారి చేయొచ్చా? నాన్న లేరు. పాతపట్నంలో ఉండే మావయ్యే చదివిస్తున్నారు. చదువు అయిపోగానే బావతో పెళ్లి అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు నువ్వడిగినదానికి చెబుతాను. థీసిస్ ఇచ్చాకే చేరు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యూజీసీ ఒప్పుకుంది. పీహెచ్‌డీకి అది వర్తించదు, క్లాసుల వేళలూ ఒకదానికొకటి అడ్డు రాకూడదు. కానీ ఎం.ఎస్.డబ్ల్యు. అంటే ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. పగలంతా విశాఖలో తిరిగొచ్చి రాత్రి సవర ఇళ్ల గోడల గురించి రాయగలవా? ఆ ఎం.ఏ. పట్టా చేతికి రాకపోతే రేపు నీ సబ్జెక్టులో పీహెచ్‌డీకి దారి మూసుకుపోతుంది. ఇందులో ఇంతకన్నా తేల్చుకోవాల్సిందేమీ లేదు.

తేల్చుకోవాల్సింది వేరే ఉంది. నీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాం గానీ, అసలు దాంట్లో గైడ్ మీద పేజీన్నర రాశావు. మావయ్య మీద రెండే వాక్యాలు. నీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ రెండు వాక్యాలే. థీసిస్ ఇస్తే చదువు అయిపోతుంది, చదువు అయిపోతే ముహూర్తం పెడతారు. అందుకే ఏడాదిగా ఆ రెండు చాప్టర్లు కదలడం లేదు. కొత్త కోర్సులో చేరితే పెళ్లి రెండేళ్లు వెనక్కి పోతుంది, నిజమే. ఆ ఫీజు ఎవరు కడతారు? మళ్లీ మావయ్యే కదా. రెండేళ్ల తర్వాత అప్పు ఇంకాస్త పెరిగి ఉంటుంది, కాదనడానికి నీకు నోరు ఇంకాస్త రాకుండా పోతుంది.

మావయ్య చెడ్డవాడని నేననను. మీ నాన్న పోయాక అక్క కూతురి చదువు ఆగకుండా చూశాడు. అది జన్మలో మర్చిపోకు. మేనరికం మన ఇళ్లకు కొత్తా కాదు. బావ ఇష్టమైతే సంతోషంగా చేసుకో. కానీ ఇష్టమన్న మాట నీ ఉత్తరంలో వెతికినా దొరకలేదు. డబ్బు ఇచ్చిన వాళ్లకు డబ్బు తిరిగివ్వాలి. దానికి బదులు ఆడపిల్ల పెళ్లి పీటల మీద కూర్చోవడం నేను ఎన్నటికీ ఒప్పుకోను, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.

నీకు ఇంకో ఋణం ఉంది, దాని ఊసే ఎత్తలేదు. ఆ సవర ఊళ్లలో పెద్దవాళ్లు పనులు మానుకుని నీ దగ్గర కూర్చున్నారు. ఇడితాల్ గోడకు అందం కోసం వేసుకునే బొమ్మ కాదని నాకన్నా నీకే బాగా తెలుసు. చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసేది. అందులో ఎవరెవరున్నారో నిన్ను నమ్మి చెప్పారు. ఆ మాటలన్నీ ఇప్పుడు నీ నోటుపుస్తకాల్లో పడి ఉన్నాయి. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బళ్లో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యేసరికి 1938 వచ్చింది, ఆయన వయసు 75 దగ్గర పడింది. నీకు మిగిలింది రెండు చాప్టర్లు.

థీసిస్‌కి ఎప్పటివరకు గడువుందో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకో. రాసినంతవరకు ప్రింటు తీసి గైడ్ చేతికే ఇవ్వు, మెయిల్ పెట్టి ఎదురుచూడకు. ఎం.ఎస్.డబ్ల్యు. వచ్చే ఏడాదీ ఉంటుంది.

మావయ్య ఇప్పటిదాకా కట్టిన ఫీజులు, హాస్టల్ ఖర్చు ఒక కాగితం మీద లెక్క వెయ్యి. పండక్కి అమ్మ పాతపట్నం వెళ్తుందన్నావు. నువ్వూ వెళ్లు. అమ్మ చేత చెప్పించకు, తమ్ముడి ముందు ఆవిడ మాట పెగలదు. భోజనాలయ్యాక ఆ కాగితం మావయ్య చేతిలో పెట్టి, ఉద్యోగం రాగానే నెలనెలా ఇస్తానని చెప్పు. బావ సంగతీ అప్పుడే, అక్కడే చెప్పు. ఆయన కోప్పడితే కోప్పడనీ. నువ్వు మాత్రం లేచి వచ్చేయకు, ఆ రాత్రి అక్కడే పడుకో.