ట్యాగు మీద చెప్పుల సైజు

చెల్లీ, మీ ఆయన ఆఫీసులో క్రిస్మస్ చెట్టు నుంచి తెచ్చిన కాగితం ట్యాగు ఫొటో చూశాను. "బాబు, 7 ఏళ్లు, జాకెట్ 8, షూ 1, రిమోట్ కారు" అని ఉంది. దీన్ని ఏం చేయాలి, వాళ్ల ఇంటికి వెళ్లి ఇవ్వాలా అని అడిగావు. వెళ్లకూడదు. ట్యాగు మీదివి కొని, ఆ ట్యాగుతో పాటు నిర్వాహకులకు అందిస్తే చాలు. ఆ బాబు ఎవరో నీకు తెలియదు, నువ్వెవరో అతనికి తెలియదు. ఈ పద్ధతి అలాగే నడుస్తుంది.

ఇక్కడ అమెరికాలో దీన్ని ఏంజెల్ ట్రీ అంటారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ వాళ్లు 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో మొదలుపెట్టారు. పేద పిల్లలకు కావలసినవి దేవదూతల బొమ్మలున్న గ్రీటింగ్ కార్డుల మీద రాసి చెట్టుకు వేలాడదీశారు. పేద పిల్లలకు బొమ్మలు పోగుచేసే టాయ్స్ ఫర్ టాట్స్ డబ్బాలు కూడా షాపుల్లో చూస్తావు. అది అంతకన్నా పాతది. 1947లో లాస్ ఏంజెలెస్‌లో మెరైన్ రిజర్వ్ సైనికులు మొదలుపెట్టారు, మొదటి ఏడాదే 5,000 బొమ్మలు పోగుచేశారు. అందులో ట్యాగూ సైజూ ఉండవు, కొత్త బొమ్మ వేసి వస్తే చాలు.

ముందు సైజు సంగతి. ఇక్కడ పిల్లల షూ సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. నేను వచ్చిన కొత్తలో ఇది తెలియక, పెద్ద పిల్లకు పసిపాపల షూ కొని ఇచ్చాను. పెట్టె విప్పినప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉండి ఉంటుందోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది. బట్టల మీద 4టీ అంటే టాడ్లర్ కొలత, ఒట్టి 4 అంటే వేరే. అనుమానముంటే షాపులో వయసు చెప్పి అడుగు. మార్చుకోవడానికి గిఫ్ట్ రసీదు కూడా పెట్టు.

డబ్బు పరిమితి రాసి ఉంటే దాన్ని దాటకు. అదే ఇంట్లో అన్నకో చెల్లికో ఇంకొకరు కొంటారు. ఒకరికి ఖరీదైనది, ఒకరికి చిన్నది వస్తే ఆ పండుగ పూట పిల్లలు కొట్లాడుకుంటారు. వాడిన వస్తువులు పెట్టకు. రంగు కాగితం చుట్టకు. సరిచూసుకోవడానికి అలా అడుగుతారు, నిజమే. కానీ నాకు నచ్చే కారణం ఇంకోటి: చాలాచోట్ల తల్లిదండ్రులే వచ్చి తీసుకెళ్లి, ఇంట్లో తామే చుట్టి ఇస్తారు. బిడ్డకు ఇచ్చింది అమ్మానాన్నే.

ఆ మాట నాకు దేవరకొండలో అర్థమైంది. కొన్నేళ్ల కిందట సెలవుకు వెళ్లినప్పుడు ఒక బడిలో నోటుపుస్తకాలు, బ్యాగులు పంచాను. స్టేజీ, ఫ్లెక్సీ, మైకు అన్నీ పెట్టారు. ఒక్కో బిడ్డను పేరు పెట్టి పిలిచి, నా పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఒక పిల్ల బ్యాగు అందుకుని తల ఎత్తలేదు. వాళ్ల అమ్మానాన్న పట్నంలో బిల్డింగు పనికి వెళ్లారట, పిల్ల అవ్వ దగ్గర ఉంటోంది. పాలమూరు వైపైతే ముంబై, పుణె దాకా పోతారు. ఆ పిల్ల పేదరికాన్ని మైకులో చాటింది నేనే కదా అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

తర్వాత దసరాకు వెళ్లినప్పుడు ఎవరికీ చెప్పలేదు. సారును అడిగి, పిల్లల పాదాల గీతలు కాగితం మీద గీయించాను. చెప్పులు నేనే కొని, బతుకమ్మకు ఊరికొచ్చిన తల్లుల చేతికి ఇచ్చాను.

అక్కడి పిల్లలకు ఇక్కడి నుంచి డబ్బు పంపొచ్చా అని కూడా అడిగావు. నీది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా సంస్థకు పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. నాలాగా ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లకు అలా కాదు, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) ఉన్నా విదేశీయులమే. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో వాళ్లకున్న ఖాతాకే వెళ్లాలి.

హెచ్4 (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చే వీసా) మీద ఉన్నా బొమ్మలు వేరుచేసే పనికి వలంటీరుగా వెళ్లొచ్చు, టెన్షన్ వద్దు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనైతే మాత్రం ఒప్పుకోకు. ప్రతిఫలంగా ఏమిచ్చినా తీసుకోకు. వెళ్తే చెట్టు మీద చివరిదాకా మిగిలే ట్యాగులు చూడు, ఎక్కువగా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలవే ఉంటాయి. చిన్నపిల్లల బొమ్మలు కొనడం అందరికీ ఇష్టం. వీలైతే వచ్చే ఏడాది వాళ్లది ఒకటి తీసుకో.

ఆ దసరా రోజు మా వీధిలో ఒక పిల్ల కొత్త చెప్పులు చూపించి, "మా అమ్మ పట్నం నుంచి తెచ్చింది" అంది. బాగున్నాయి బిడ్డా అన్నాను.

షూతో పాటు సాక్సులు కూడా పెట్టు, ఇక్కడ చలి తెలుసు కదా. ట్యాగును సంచికి గట్టిగా అంటించు. దాని మీది నంబరు పోతే అది ఏ బాబుదో ఎవరూ చెప్పలేరు.