ఇంజిన్ పంపును బావిలోకి దించి నడపవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: బావిలో నీరు సుమారు 9 మీటర్ల లోతున ఉంది, ఒడ్డున పెట్టిన పెట్రోలు ఇంజిన్ పంపుకు ఆ నీరు అందడం లేదు, కాబట్టి దాన్ని తాళ్లతో బావి లోపలి మెట్టు మీదికి దించి నడపవచ్చా అని అడుగుతున్నారు. మీ వద్ద ఉన్న చిన్న కరెంటు పంపును, ఈ ఇంజిన్‌ను ఎలా చూసుకోవాలని కూడా అడిగారు. మొదటిదానికి నా జవాబు: దించకండి. బావి ఎంత వెడల్పుగా ఉన్నా, పని పది నిమిషాలదే అయినా దించకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఒకప్పుడు నేనూ అదే పని చేశాను. పైకప్పు లేని బావి కదా, పొగ పైకి పోతుందనుకుని నేనూ, నాతో పనిచేసే ఇంకొకాయనా ఇంజిన్‌ను లోపలి మెట్టు మీదికి దించాము. కొంతసేపటికి యాక్సిలరేటర్ సరిచేయడానికి ఆయన దిగారు. తల బరువెక్కిందని రెండుసార్లు అన్నారు, తరువాత ఎంత పిలిచినా మాట సరిగా రాలేదు. ముందుజాగ్రత్తగా ఆయన నడుముకు కట్టిన తాడే ఆ రోజు ఆయన ప్రాణం నిలిపింది. ఒడ్డున ఉన్న మేమంతా కలిసి పైకి లాగి, గాలి తగిలేలా పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఆ క్షణంలో నాకు కలిగిన మొదటి ఆలోచన నేను కూడా దిగి ఆయనను ఎత్తుకుని రావాలని. అలా ఒకరి కోసం ఒకరు దిగి వరుసగా కుప్పకూలిన సంఘటనలు ఎన్నో ఉన్నాయని తరువాత తెలిసింది.

ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. దాని బరువు గాలి బరువుతో దాదాపు సమానం కాబట్టి అది పైకి ఎగిరిపోదు, పూర్తిగా కిందకూ దిగదు, బావిలోని గాలిలో కలిసిపోయి అక్కడే నిలుస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది కనుక, మనిషి ఊపిరి పీలుస్తూనే ఉన్నా శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం మొదటి గుర్తులు, అయితే అప్పటికే ఆలోచన మందగించి, పైకి ఎక్కాలన్న తెలివి కూడా తప్పిపోవచ్చు. దీపం దించి చూస్తే చాలదా అని కొందరు అడుగుతారు. దీపం ఆరకుండా వెలగడం అక్కడ కొంత ఆక్సిజన్ ఉందని మాత్రమే చెబుతుంది, ఈ వాయువు గురించి ఏమీ చెప్పదు. సెల్లార్లు, గోతులు, తలుపు తీసి ఉన్న షెడ్లు కూడా ఈ విషయంలో బావితో సమానమే. నేను ఇంజిన్‌ను ఎప్పుడూ ఆరుబయటే, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం మనుషులకు ఎదురుగా లేకుండా పెడతాను.

ఒడ్డు నుంచి నీరు ఎందుకు అందడం లేదన్నది కూడా తెలుసుకోవాలి. పంపు గొట్టంలోని గాలిని తీసివేస్తే బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది, ఆ పీడనం సముద్రమట్టం దగ్గర సుమారు 10.3 మీటర్ల నీటిని మాత్రమే నిలబెట్టగలదు. గొట్టంలోని ఒరిపిడి వంటి నష్టాలు పోగా, ఆచరణలో 7 నుంచి 8 మీటర్లే దక్కుతుంది. ఎక్కువ హార్స్‌పవర్ ఇంజిన్ కొన్నా ఈ హద్దు మారదు కాబట్టి దయచేసి ఆ ఖర్చు పెట్టకండి. 9 మీటర్ల లోతుకు సరైన మార్గం కరెంటు సబ్‌మెర్సిబుల్ పంపును నీటిలోకి దించడం. కరెంటు లేని చోట జనరేటర్‌ను వాడవచ్చు, కానీ పొగ విషయంలో దానికీ ఇవే నియమాలు వర్తిస్తాయి. పంపు ప్లేటు మీద రాసిన గరిష్ఠ ఎత్తు దగ్గర నీరు దాదాపు రాదు, కనుక 9 మీటర్ల లోతుకు 10 మీటర్ల పంపు పనికిరాదు, బాగా ఎక్కువ ఎత్తుదే ఎంచుకోవాలి.

ఇక కరెంటు పంపు విషయం. దాన్ని వైరు పట్టుకుని దించడం, లాగడం అందరూ చేసే తప్పు. అలా లాగినప్పుడు వైరు లోపలికి వెళ్లే చోట బిగింపు వదులై నీరు చేరుతుంది. అటువంటి పంపు నడుస్తుండగా నీరు బయటికి వచ్చే ఇనుప డెలివరీ పైపును ముట్టుకుంటే నా చేయి జివ్వుమంది. కొద్దిగానే కదా అని ఊరుకోకుండా మెయిన్ ఆపి విప్పించాను, లోపల తడి కనిపించింది. అప్పటినుంచి పిడికి కట్టిన తాడుతోనే దించుతున్నాను. ఎర్తింగ్ తప్పనిసరి, దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడిపోయి కరెంటును ఆపేసే స్విచ్, అంటే ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. కరెంటు మోతాదు మించితే పడిపోయే మామూలు స్విచ్, అంటే ఎంసీబీ తీగను కాపాడుతుంది గాని మనిషిని కాపాడదు. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్‌ను పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ నొక్కి చూడండి. జనరేటర్ మీద నడిపేటప్పుడు మాత్రం దాని న్యూట్రల్, ఎర్త్ కలిపి ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి, ఎందుకంటే అవి కలవని చోట ఆర్‌సీసీబీ అనుకున్నట్లు పడకపోవచ్చు. పంపు నడుస్తున్నంతసేపు ఆ నీటిలో ఎవరూ కాలు పెట్టకూడదు, జాలీకి చెత్త పట్టినా ప్లగ్గు తీసిన తరువాతే చేయి పెట్టాలి.

ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా, పొడవుగా ఉంటే చివరికి వోల్టేజీ తగ్గి, మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలిపోతుంది. వైరును చుట్టగా ఉంచి వాడితే ఆ చుట్టే వేడెక్కి కరుగుతుంది, అందువల్ల పూర్తిగా విప్పి పరచండి. సబ్‌మెర్సిబుల్‌ను చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే కాబట్టి, నీరు అయిపోగానే ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించుకుంటే మంచిది.

ఇంజిన్ పంపును 7 మీటర్లలోపు లోతు ఉన్న పనులకు హాయిగా వాడుకోండి. ఇంజిన్ స్టార్టు చేసే తాడు లాగే ముందు ప్రతిసారీ పంపు బాడీని నీటితో నింపాలి. పొడిగా కొద్దిసేపు తిరిగినా నీరు కారకుండా ఆపే మెకానికల్ సీల్ వేడికి పాడై కారడం మొదలవుతుంది. నీరు పోసినా పంపు అందుకోకపోతే ఇంజిన్‌ను అనుమానించకండి. నా అనుభవంలో పదింట తొమ్మిదిసార్లు నీటిని పీల్చే సక్షన్ పైపు జాయింటులో వాషర్ అరిగి గాలి పీలుస్తూనో, ఆ పైపు అడుగున నీరు వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకుండానో ఉంటుంది. సక్షన్ వైపు లోపల తీగచుట్టు ఉన్న గట్టి గొట్టమే వాడాలి, మెత్తని గొట్టం లోపలికి ముడుచుకుపోతుంది. డెలివరీ మూసి ఎక్కువసేపు నడపకండి. లోపలి నీరు మరిగి, తరువాత మూత విప్పినవారి చేతులు కాలుతాయి.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజిన్‌ను ఆపి, చల్లారేదాకా ఆగాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల మీదుగా పాకి దూరంలోని నిప్పును అందుకోగలదు. ఆయిల్ మట్టాన్ని ఇంజిన్ సమతలంగా ఉన్నప్పుడే చూడాలి. చిన్న నాలుగు స్ట్రోకుల ఇంజిన్లలో చాలావాటికి మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకు, ఆ తరువాత 100 గంటలకు లేదా 6 నెలలకు ఒకసారి, ఏది ముందైతే అప్పుడు చేయాలి. మీ మాన్యువల్ వేరేగా చెబితే దాన్నే పాటించండి. దుమ్ములో పనిచేసే ఇంజిన్‌కు ఎయిర్ ఫిల్టర్‌ను ఇంకా తరచుగా శుభ్రం చేయాలి.

బురదనీరు తోడినరోజు చివర రెండు నిమిషాలు మంచినీటితో నడిపి, కింది డ్రెయిన్ ప్లగ్ విప్పి నీటినంతా వదిలేయండి. నెలకు మించి వాడరనుకుంటే టాంకులోనూ కార్బ్యురేటర్‌లోనూ పెట్రోలు మిగల్చకండి, అది జిగురుగా మారి, పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమైన జెట్‌ను మూసేస్తుంది. మళ్లీ తీసినప్పుడు ముందు ఫుట్‌వాల్వును నీటి బకెట్‌లో పెట్టి, పైనుంచి గొట్టం నింపి చూడండి. పది నిమిషాల తరువాత కూడా మట్టం దిగకపోతే పంపును పనికి తీసుకువెళ్లవచ్చు.