ఒంగోలులో 1970ల నాటి కాంక్రీటు భవనాన్ని కూల్చకుండా ఆపగలమా?

ఒంగోలులో మీరు చదువుకున్న కాలేజీ పాత బ్లాకునూ, పక్కనున్న సభాభవనాన్నీ పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతారంటున్నారని రాశారు. యాభై ఏళ్ళ కాంక్రీటు కట్టడాన్ని వారసత్వ సంపదగా చట్టం ఒప్పుకుంటుందా అని అడిగారు. ఒప్పుకోదండి. అయినా ఆపొచ్చు. నెల్లూరులో మా హైస్కూలు విషయంలో సగానికి పైగా ఆపగలిగాం. సివిల్ ఇంజనీరుగా ఆ పనిలో మొదటి నుంచీ ఉన్నాను కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

ముందు చట్టం సంగతి. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం వందేళ్ళు దాటినవాటినే పట్టించుకుంటుంది. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఉండిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఆర్కిటెక్టు రాజ్ రేవాల్ డిజైన్, ఇంజనీరు మహేంద్ర రాజ్ స్ట్రక్చరల్ లెక్కలు, 1972లో ప్రారంభం. ఉక్కు దొరకడమే కష్టమైన రోజులవి. బయటి దేశాల్లో ఉక్కుతో అల్లే చట్రాన్ని మనవాళ్ళు కాంక్రీటుతో అక్కడికక్కడే పోత పోసి నిలబెట్టారు. అరవై ఏళ్ళు నిండని కట్టడాలను పరిశీలించబోమని అక్కడి వారసత్వ పరిరక్షణ కమిటీ చేతులెత్తేసింది. హైకోర్టులోనూ పని జరగలేదు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి నేలమట్టం చేశారు. అంత పేరున్న భవనానికే దిక్కు లేనప్పుడు, ఒంగోలులో ఆర్కిటెక్టు పేరు కూడా ఎవరికీ గుర్తులేని కట్టడాన్ని వారసత్వం అన్న మాట ఒక్కటే కాపాడుతుందని నమ్ముకోకండి.

మీ భవనాన్ని కూల్చేది నిజానికి ఇంకో మాట: శిథిలావస్థ. ఆ ముద్ర ఒకసారి ఫైలెక్కిందంటే ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా, 'రేపు పిల్లల మీద కూలితే ఎవరిది బాధ్యత?' అన్న ఒక్క ప్రశ్నతో నోరు మూయిస్తారు. కాబట్టి పోరాటమంతా ఆ మాట చుట్టూనే జరగాలి. శిథిలమైందని ఎవరు తేల్చారు? ఏ పరీక్ష చేశారు? ప్రభుత్వ కాలేజీ అయినా, ఎయిడెడ్ అయినా సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నివేదిక కాపీ, తీర్మానం కాపీ, భవనం నక్షాలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు యాజమాన్యమైతే పూర్వ విద్యార్థుల పేరుతో నేరుగా అడగండి. మా దగ్గర బయటపడిన నివేదిక ఒకే ఒక్క పేజీ. పెచ్చులూడిన సన్‌షేడ్ల ఫొటోలు, కింద 'నివాసయోగ్యం కాదు' అని ఒక వాక్యం, సంతకం. అంతే.

మా స్కూలు ముందు బ్లాకు ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. పడమటి వైపు వరండా పొడవునా కాంక్రీటు జాలీ గోడ. ఒక్కో పలకకూ ఏటవాలు రెక్కలు, చెక్క మూసల్లో మేస్త్రీలు అక్కడే పోసినవి. గాలి లోపలికొస్తుంది, మూడు గంటల ఎండ మాత్రం రాదు. రోహిణి కార్తెలో కూడా ఆ గదుల్లో ఫ్యాన్ లేకుండా పరీక్షలు రాశాం. మొజాయిక్ మెట్లు, కడప బండల అరుగులు. సభాభవనం కప్పయితే విసనకర్రలా మడతలు మడతలుగా పోసిన శ్లాబు. ఆ మడతల వల్లే అంత వెడల్పు హాల్లో నడుమ ఒక్క స్తంభం లేదు. ఇవి చూసి పెరిగాం గనక మాకు ఇష్టం. యాజమాన్యానికి ఆ ఇష్టంతో పనిలేదు, వాళ్ళకు కావలసింది భద్రతకు హామీ, ఆదాయం. ఈ రెండింటికీ మా దగ్గర జవాబు ఉండాలనుకున్నాం.

భద్రత సంగతి తేల్చడానికి పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని పరీక్షలు చేయించాం. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ సుత్తి, లోపలి లోపాలు పట్టే అల్ట్రాసోనిక్ తరంగాలు, కొన్నిచోట్ల తొలిచి తీసిన కోర్ నమూనాలు. అన్నిటికన్నా అందరి కళ్ళూ తెరిపించింది మాత్రం ఫినాల్ఫ్తలీన్ అనే రసాయన ద్రవం. కాంక్రీటులో సహజంగా క్షార గుణం ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ లోపలి ఉక్కు కమ్మీ తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది. అది కమ్మీ దాకా చేరి, తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉబ్బి పైపొరను నెట్టేస్తుంది, పెచ్చులు రాలతాయి. కొత్తగా కొట్టిన చోట ఈ ద్రవం చల్లితే బాగున్న కాంక్రీటు గులాబి రంగుకు తిరుగుతుంది, చెడినచోట రంగు మారదు.

సన్‌షేడ్ అంచున చల్లితే ఏ రంగూ రాలేదు. కరస్పాండెంటు గారు 'చూశారా' అన్నారు. తర్వాత లోపలి దూలానికి చిన్న గుంట కొట్టించి చల్లాం. పైన వేలి గోరంత మందం వదిలితే లోపలంతా ముదురు గులాబి, కమ్మీ కూడా శుభ్రంగా ఉంది. పని చేస్తున్న పెద్ద మేస్త్రీ అన్నాడు, "అయ్యా, గొడుగు చిరిగిందని మనిషిని పారేస్తామా?" ఆయన ఆ మాటతో ఆగలేదు, మమ్మల్ని కప్పు మీదికి తీసుకెళ్ళాడు. తూముల్లో ఆకులు కుక్కుకుపోయి ఉన్నాయి, పిట్టగోడ సందులో రావి మొక్క వేళ్ళూనింది. నీళ్ళు పోయే దారిలేక వాన వచ్చినప్పుడల్లా సన్‌షేడ్ల మీదికే దిగుతున్నాయి. ఏళ్ళుగా ఎవరూ కప్పెక్కి చూడలేదన్నమాట.

ఒంగోలు వాళ్ళకు ఒక హెచ్చరిక. ఫినాల్ఫ్తలీన్ ఒక్కటి చాలదు. మీ వైపు చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పన, పైగా కొత్తపట్నం సముద్రం దగ్గర. కట్టేటప్పుడు ఉప్పునీళ్ళు వాడి ఉంటే క్లోరైడ్లు ఉంటాయి. కాంక్రీటు గులాబిగా కనిపిస్తున్నా లోపల కమ్మీని తుప్పు తినేస్తుంటుంది. క్లోరైడ్ పరీక్ష విడిగా అడగండి. ఫలితం మీకు వ్యతిరేకంగా వస్తే ఒప్పుకోండి. మా వెనక బ్లాకులో మరుగుదొడ్ల వైపు స్తంభాలు నిజంగానే చెడిపోయాయి. దాన్ని వదులుకున్నాం. వదులుకున్నాం కాబట్టే మిగతా దాని గురించి మేం చెప్పింది నమ్మారు.

ఆదాయం విషయం ఆ వెనక బ్లాకు స్థలంలోనే తేలింది. అటువైపు కూడా రోడ్డుంది. షాపులు అక్కడ కట్టుకున్నారు. ముందు బ్లాకుకు పాడైన కాంక్రీటు చెక్కేసి, కమ్మీలకు తుప్పు వదిలించి, పూత పూసి, పాలిమర్ మోర్టారుతో పూడ్చారు. సభాభవనాన్ని పుస్తక ప్రదర్శనలకూ, పోటీ పరీక్షలకూ అద్దెకిస్తున్నారు. జాలీ గోడకు మాత్రం ఎవరో పెయింటు వేయించారు. అది నాకు నచ్చలేదు, గుల్లబారిన పలకలు మార్చి మిగతాది అలాగే ఉంచాల్సింది.

'కాంక్రీటు ఇంతకంటే నిలవదు' అని ఎవరన్నా అంటే పాండిచ్చేరి వెళ్ళి రమ్మనండి. ఆర్కిటెక్టు ఆంటోనిన్ రేమండ్ డిజైన్ చేసిన గోల్కొండ్ అనే అరవిందాశ్రమ వసతిగృహం అక్కడుంది. 1930లలో మొదలై 1940లలో పూర్తయింది, సముద్రానికి కూతవేటు దూరం. ఇప్పటికీ మనుషులుంటున్నారు. దాన్ని శ్రద్ధగా చూసుకునేవాళ్ళున్నారు, అదే తేడా.

జనం గొంతెత్తితే ఫలితం ఉండదని మాత్రం అనుకోకండి. అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ డిజైన్ చేసిన 18 వసతిగృహాల్లో 14 పడగొడతామని 2020 డిసెంబరులో ప్రకటించి, దేశవిదేశాల నుంచి నిరసన రావడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అయితే 2022లో కూల్చివేత మాట మళ్ళీ ఎత్తారు. కాబట్టి ఒక ఉత్తరంతో పని ముగిసిందని ఇళ్ళకు వెళ్ళిపోకూడదు. మీకు ఇంకో బలమైన మాట కూడా ఉంది. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఆ దశకంలో లేచిన ఆఫీసులు, కాలేజీలు, హాళ్ళతోనే ఒంగోలు జిల్లా కేంద్రంగా రూపు దిద్దుకుంది. మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇది చెప్పి చూడండి, ఆర్కిటెక్చర్ గురించి గంట మాట్లాడినదానికంటే త్వరగా పడుతుంది.

ఈ వారంలో చేయాల్సింది: టెండరు పిలిచారో లేదో కనుక్కోండి, పిలవకపోతే ఇంకా సమయం ఉన్నట్టే. నక్షాలు దొరక్కపోతే టేపు పట్టుకుని మీరే కొలతలు తీయండి. ప్రతి దూలాన్నీ, ప్రతి సన్‌షేడ్‌నూ తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. అనుమతి తీసుకుని ఒక మేస్త్రీతో కప్పు ఎక్కి, అక్టోబరు వానలు పడకముందే తూములు శుభ్రం చేయించండి. ఈ ఏడు కొత్తగా ఒక్క పెచ్చు కూడా రాలకూడదు, వాళ్ళకు ఇంకో ఫొటో దొరక్కూడదు.