రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: 24 అడుగుల కింద నీళ్లు, ఒడ్డు మీద మోటారు

ప్రశ్న: మున్నేరు పక్కన నాలుగెకరాల్లో మొక్కజొన్న వేశాను. ఇప్పుడు కంకికి పీచు వచ్చే దశలో ఉంది. ఒడ్డు మీద షెడ్డులో 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా ఉండే) మోటారు ఉంది. అక్కడి నుంచి రెండున్నర ఇంచీల పైపుతో 600 అడుగుల దూరం నీళ్లు పెడుతున్నాను. పొలం మోటారు కంటే 12 అడుగులు ఎత్తులో ఉంటుంది. డిసెంబరులో ఏడు గంటల్లో తడిసిన ఎకరం ఇప్పుడు పదకొండు గంటలైనా తడవడం లేదు. పంపులోంచి గలగలమని శబ్దం వస్తోంది. బేరింగులు పోయాయని మెకానిక్ రెండుసార్లు మార్చాడు. మోటారుకు బలం తగ్గింది, 7.5 హెచ్‌పీ తీసుకోమని డీలర్ అంటున్నాడు. ఏ కంపెనీది కొనమంటారు?
– ఒక రైతు, పెనుగంచిప్రోలు ప్రాంతం, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: ఇప్పుడు ఏ కంపెనీదీ కొనకండి. మీ మోటారుకు బలం తగ్గలేదు, బేరింగులూ పోలేదు. ఏటిలో నీళ్లు కిందికి దిగాయి, మోటారు మాత్రం డిసెంబరులో ఉన్నచోటే ఉంది. ఫోన్‌లో అడిగితే పంపు దగ్గర నుంచి నీటి మట్టానికి నిలువుగా 24 అడుగులు ఉందన్నారు. మీ ఇబ్బంది అంతా ఆ అంకెలోనే ఉంది.

పంపు నీటిని తాడుతో చేదినట్టు లాగదు. లోపల గాలి ఒత్తిడి తగ్గిస్తుంది, అంతే. బయట ఏటి మీద ఉన్న గాలి నీటిని పైపులోకి నెడుతుంది. ఆ గాలికి ఉన్న శక్తి ఎంత బలమైన పంపుకైనా ఒకటే. అది నీటిని 34 అడుగులకు మించి ఎత్తలేదు. మీకు అందులో 24 అడుగులు ఎత్తుకే ఖర్చయింది. ఏటి నుంచి పంపుకు నీరు తెచ్చే సన్నటి సక్షన్ పైపు, దానికున్న రెండు ఎల్బోలు (మూల మలుపులు), కింది కొసన నాచు పట్టిన ఫుట్‌వాల్వ్ (నీరు వెనక్కి జారకుండా ఆపే మూత) కలిసి ఇంకో 5 అడుగులు తింటాయి. ఇక మిగిలింది 5 అడుగులు. మీ సైజు పంపు సరిగా పనిచేయాలంటే నోటి దగ్గర కనీసం 7 నుంచి 10 అడుగుల ఒత్తిడి మిగలాలి. అది లేనప్పుడు నీరు చల్లగా ఉన్నా పంపు లోపల ఆవిరి బుడగలు లేస్తాయి. ఇంపెల్లర్‌లో (నీటిని తోసే రెక్కల చక్రంలో) ఒత్తిడి పెరిగే చోటుకు చేరగానే అవి పగిలిపోతాయి. మీరు వింటున్న గలగల అదే. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉంటుంది. బేరింగు పోతే ఒకే తీరుగా కీచుమనే మోత వస్తుంది, చెయ్యి పెడితే ఆ భాగం వేడిగా తగులుతుంది.

నా మాట నమ్మనక్కర్లేదు, ఈ రోజే పరీక్షించుకోండి. మోటారు నడుస్తుండగా డెలివరీ వైపు, అంటే నీరు పొలానికి పోయే వైపు, గేట్ వాల్వ్‌ను మెల్లగా సగం వరకు మూయండి. శబ్దం తగ్గిందా, అది బుడగల దెబ్బే. బేరింగు మోత వాల్వ్ తిప్పితే తగ్గదు. రెండుసార్లు బేరింగులు మార్చిన మెకానిక్ ఈ ఒక్క పని చేసి ఉంటే మీ డబ్బు మిగిలేది.

ఇలాంటి పంపునే పోయిన వేసవిలో ఒక రైతు షెడ్డులో విప్పించి చూశాను. రెండు సీజన్ల కిందట వేసిన ఇంపెల్లర్ అది. రెక్కల మొదట్లో చెదలు తిన్న చెక్కలా గుంటలు పడ్డాయి. గోరు పెట్టి గీకితే పొడి రాలింది. మీదీ ఒకసారి విప్పించి చూడండి. గుంటలు పడి ఉంటే ఇంపెల్లర్ మార్చాలి. అయితే సక్షన్ సరిచేయకుండా మారిస్తే కొత్తదానికీ అదే గతి.

ఇప్పుడు 7.5 హెచ్‌పీ సంగతి. అదే ఒడ్డు మీద, అదే సక్షన్ పైపుకు పెద్ద మోటారు పెడితే నీళ్లు పెరగవు. పెద్ద పంపు ఎక్కువ నీటిని లాగాలని చూస్తుంది. పైపులో వేగం, దానితో నష్టం పెరుగుతాయి, బుడగలు ఇంకా ఎక్కువవుతాయి. శబ్దం పెరుగుతుంది, ఇంపెల్లర్ ఇంకా త్వరగా పోతుంది. పైగా లోడు పెంచుకోవడానికి కరెంటోళ్ల అనుమతి కావాలి. అది లేకుండా తగిలిస్తే మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్క రైతులందరికీ ఓల్టేజీ పడిపోతుంది. డీలర్లకు ఒకటే మాట చెబుతున్నాను. పంపు నుంచి నీటికి ఎన్ని అడుగులు, పైపు ఎంత పొడవు, ఎంత లావు అని అడగకుండా హెచ్‌పీ చెప్పడం సలహా కాదు. రోగిని చూడకుండా మందు ఇవ్వడం లాంటిది. రైతులూ ఆ మూడు కొలతలు చీటీ మీద రాసుకోకుండా కొట్టుకు పోవద్దు.

మొక్కజొన్న పీచు దశలో ఉంది కాబట్టి ముందు పంట సంగతి చూద్దాం. ఈ దశలో వారం రోజులు నీటి ఎద్దడి వస్తే కంకిలో గింజ సరిగా కట్టదు, తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ నష్టం పూడదు. పంపు సరిచేసే వరకు సాలు విడిచి సాలు పారించండి. తర్వాతి తడిలో వదిలేసిన సాళ్లు పారించండి. ఉన్న నీటితో నాలుగెకరాలూ చుట్టి రావచ్చు. గేట్ వాల్వ్‌ను శబ్దం తగ్గేంత వరకు మూసి ఉంచే నడపండి. నీళ్లు తగ్గిపోతాయని భయపడొద్దు. బుడగలతో కొట్టుకుంటూ వచ్చే ధారకూ దీనికీ పెద్ద తేడా ఉండదు.

ఇక అసలు పని. పంపును కిందికి దించండి. ఒడ్డు వాలులో 12 అడుగుల కింద చిన్న దిమ్మె కట్టించి మోటారును అక్కడికి తెస్తే, నీటికి పంపుకు మధ్య 12 అడుగులే ఉంటాయి. ఏప్రిల్ నాటికి నీరు ఇంకో మూడడుగులు తగ్గినా 15 అడుగుల్లోపే ఉంటారు. ఒడ్డున పెట్టే ఏ పంపుకైనా 15 అడుగులే హద్దుగా పెట్టుకోండి. 20 దాటితే కష్టం మొదలైనట్టే. కిందికి దించితే పైకి తోయడానికి బలం చాలదేమోనని చాలామంది అడుగుతారు. నీటి నుంచి పొలానికి ఉన్న మొత్తం ఎత్తు మారదు కదా. తోయడానికి మీ మోటారుకు బలం ఉంది. లాగడానికే హద్దు ఉంది.

సిమెంటు దిమ్మె వద్దనుకుంటే ఇనుప ఫ్రేముకు బిగించి జరుపుకునేలా చేయించండి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఎలా పొంగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైపులను ఫ్లాంజిలతో (బోల్టులు పట్టే పళ్లేలతో) బిగిస్తే నాలుగు బోల్టులు విప్పి మోటారును అరగంటలో పైకి చేర్చవచ్చు. జూన్ నెలాఖరుకల్లా పైకి తెచ్చేయాలి. స్టార్టర్ పెట్టె మాత్రం ఎప్పుడూ ఒడ్డు పైనే, వరద మట్టానికి ఎత్తులో ఉండాలి. కింది వరకు పోయే కేబుల్‌లో మధ్యలో అతుకు ఉండకూడదు. ఎర్తింగ్ తప్పనిసరి. మోటారు జరిపేటప్పుడు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోండి. తడి నేల మీద కరెంటు ఉన్న మోటారును కదిలించి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను. ఇందులో బద్ధకించొద్దు.

సక్షన్ పైపు మార్చండి. పంపు నోరు రెండున్నర ఇంచీలని పైపూ రెండున్నర ఇంచీలే వేశారు. సెకనుకు 10 లీటర్లు రావాలంటే ఆ పైపులో నీటి వేగం సెకనుకు 3 మీటర్లు అవుతుంది. సక్షన్‌లో ఒకటిన్నర మీటరు దాటకూడదు. నాలుగించీల పైపు (110 మి.మీ.) వేస్తే అది 1.2 మీటర్లకు దిగుతుంది. పంపు దగ్గర పైపు లావు తగ్గించే రెడ్యూసర్ పై భాగం చదునుగా, కింది భాగం వాలుగా ఉన్నది అడిగి తీసుకోండి. మామూలు గరాటు రకం పెడితే పైభాగంలో గాలి చిక్కుకుంటుంది. పైపు నీటి నుంచి పంపు వరకు పైకే పోతూ ఉండాలి, ఎక్కడా ఒంటె మూపురంలా లేచి దిగకూడదు. ఎల్బోల బదులు పొడవాటి వంపులు వాడండి, అదీ ఒకటి చాలు.

గాలి లాగుతున్న జాయింటును కనిపెట్టడం తేలిక. మోటారు నడుస్తుండగా అగరబత్తి వెలిగించి ఒక్కో జాయింటు దగ్గర పట్టుకోండి. పొగ ఎక్కడ లోపలికి పోతోందో అక్కడ లీకు ఉన్నట్టు. మోటారు ఆపాక పైపు నిండా నీళ్లు ఉన్నప్పుడు ఏ జాయింటు దగ్గర చెమ్మ కనిపిస్తే అక్కడా అదే. గ్లాండ్ (షాఫ్టు చుట్టూ నీరు కారకుండా పెట్టే బిగింపు) ఉన్న పంపయితే అక్కడి నుంచి సెకనుకు ఒక చుక్క కారనివ్వండి. బిగించి ఆరబెడితే షాఫ్టు అరిగిపోతుంది.

ఫుట్‌వాల్వ్ ఏటి అడుగు నుంచి రెండడుగుల పైన, నీటి మట్టానికి రెండడుగుల లోపల ఉండాలి. మీరు పంపిన ఫోటోలో అది ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఇసుక లాగితే ఇంపెల్లర్‌కు ఆకురాయి పెట్టినట్టే. నీటి లోతు చాలకపోతే చెలమ తీసి సిమెంటు ఒర దింపి, ఫుట్‌వాల్వ్ అందులో వేలాడదీయండి. ప్రైమింగ్ (మోటారు వేసే ముందు పైపు నిండా పోసే నీరు) నిలవడం లేదని పేడ కలిపిన నీళ్లు పోసే అలవాటు మీ వైపు ఇంకా ఉంది. దయచేసి మానండి. పేడ ఫుట్‌వాల్వ్ లీకును ఒక పూట ఆపుతుంది, జల్లెడ రంధ్రాలను సీజనంతా మూస్తుంది. పైపు నింపాక గరాటులో నీరు అయిదు నిమిషాలు కదలకుండా నిలిస్తే ఫుట్‌వాల్వ్ బాగున్నట్టు. నిలవకపోతే లోపలి తోలు లేదా రబ్బరు వాషరు మార్చండి, లేదా ఘర్షణ తక్కువ ఉండే ఐఎస్ఐ ఫుట్‌వాల్వ్ కొనండి. ఉచిత కరెంటుకు మన రాష్ట్రంలో పెట్టిన షరతుల్లో ఇదీ ఒకటి. మిగతావి కెపాసిటర్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ (ప్లాస్టిక్) పైపులు, ఐఎస్ఐ మోటారు. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది.

డెలివరీ పైపు గురించి మీరు అడగలేదు. కానీ సక్షన్ తర్వాత మీ నీటిని తింటున్నది అదే. 600 అడుగుల రెండున్నర ఇంచీల పైపులో సెకనుకు 8 లీటర్లు తోయడానికి ఘర్షణ ఒక్కటే 30 అడుగులకు పైగా ఎత్తుతో సమానం. అంటే నీటి నుంచి పొలానికి ఉన్న 36 అడుగుల ఎత్తుకు దాదాపు ఇంకొకటి కలిపినట్టు. అదే నాలుగించీల పైపు వేస్తే సెకనుకు 12 లీటర్లు పోయినా ఘర్షణ 10 అడుగుల దగ్గరే ఆగుతుంది. ఈ 5 హెచ్‌పీ మోటారుతోనే ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి, అంటే సుమారు 2 లక్షల లీటర్లు, అయిదు గంటల లోపే పెట్టవచ్చు. ఇప్పుడు మీకు వస్తున్నది సెకనుకు 5 లీటర్లు. కొత్త మోటారుకు దాచిన డబ్బు పైపు మీద పెట్టండి. పగలు 9 గంటల కరెంటులో మీ నాలుగెకరాలు మూడో రోజు ఉదయానికి తడిసిపోతాయి.

ఒక్క జాగ్రత్త. పైపు లావు పెంచాక హెడ్ (ఘర్షణతో కలిపి పంపు తోయాల్సిన మొత్తం ఎత్తు) తగ్గుతుంది. మోనోబ్లాక్ పంపు హెడ్ తగ్గినకొద్దీ ఎక్కువ నీరు తోడి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. హై హెడ్ మోడల్ బలమైనదని కొని, పక్కనే కాలువలోంచి పదడుగులు ఎత్తడానికి వాడి మోటారు కాల్చుకుంటారు. కొత్త పైపుతో మొదటిసారి నడిపేటప్పుడు గేట్ వాల్వ్ మూసి స్టార్ట్ చేసి, మెల్లగా తెరుస్తూ అమ్మీటరు చూడండి. నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లు రాగానే ఆపి, అక్కడే రంగుతో గీత పెట్టుకోండి. ఓవర్‌లోడ్ రిలే కూడా ఆ అంకెకే పెట్టించండి. పంపు, నాన్ రిటర్న్ వాల్వ్ (నీరు వెనక్కి రాకుండా ఆపేది), ఆ తర్వాత గేట్ వాల్వ్, ఈ వరస తప్పకూడదు.

వచ్చే ఏళ్లలో చెలమలో ఎప్పుడూ నాలుగైదు అడుగుల నీరు నిలుస్తుందనుకుంటే, ఈ మోటారు అరిగాక ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ ఆలోచించండి. నీటిలోనే ఉంటుంది కాబట్టి సక్షన్ బాధ, ప్రైమింగ్ బాధ ఉండవు. నీరు తగ్గి బయటపడితే మాత్రం కాలిపోతుంది. అది నడుస్తుండగా ఎవరూ ఆ నీటిలోకి దిగకూడదు. ఏది కొన్నా మొత్తం హెడ్ ముందు లెక్కేసుకోండి. నీటి నుంచి పొలానికి ఎత్తు, దానికి పైపు ఘర్షణ, ఫిట్టింగులకు ఇంకో అయిదడుగులు కలపండి. నాలుగించీల పైపు వేశాక మీకు అది 50 అడుగుల దగ్గర, అంటే 15 నుంచి 16 మీటర్లు. నేమ్‌ప్లేటు మీద రాసిన హెడ్ రేంజిలో ఈ అంకె మధ్యలో పడాలి, అక్కడ సెకనుకు 12 లీటర్లు ఇవ్వాలి. ఐఎస్ఐ గుర్తు, స్టార్ లేబుల్ చూడండి. కంపెనీ పేరు ఆ తర్వాతి సంగతి.

రేపు ఉదయం ఒక పని చేయండి. 200 లీటర్ల డ్రమ్ము డెలివరీ కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. నా అంచనా 40 సెకన్లు. పంపు దించి సక్షన్ మార్చాక మళ్లీ కొలవండి, 25 సెకన్లకు రావాలి. డెలివరీ పైపు కూడా మార్చాక 17 దగ్గరికి రావాలి. రాకపోతే విప్పిన ఇంపెల్లర్ ఫోటో, ఈ మూడు కొలతలు రాసి పంపండి.